నాలుగో తొట్టి

నాలుగో తొట్టిని ఆపేయాలన్న ఉత్తర్వు మీద డాక్టర్ ఇర్పా సుగుణ సోమవారం ఉదయం సంతకం చేసింది. బుధవారం మధ్యాహ్నానికల్లా ప్రొఫెసర్ విశ్వపతి ఆమె గది బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

ఆయన వస్తాడని ఆమెకు తెలుసు. ఎన్ని రోజుల్లో వస్తాడన్నదే తెలియదు. అటెండరు లోపలికి వచ్చి, "పెద్దసారు వచ్చిండ్రు మేడమ్" అంటే, రాస్తున్న కాగితం మీంచి తల ఎత్తకుండా "కూర్చోమను" అంది. ఆ సంస్థలో విశ్వపతిని బయట కూర్చోబెట్టినవాళ్లు అంతవరకు లేరు. అది ఆయన కట్టించిన సంస్థ. మెట్ల దగ్గర గోడకున్న నిలువెత్తు బొమ్మ ఆయనదే.

హైదరాబాదు శివార్లలో ఉన్న ఆ పరిశోధనాలయంలో ముప్పై ఆరు ఉక్కు తొట్లున్నాయి. ఒక్కొక్కటి రెండు నిలువుల ఎత్తు. వాటిలో మనిషి ఒంటి వేడిమిలోనే ఎర్రకణాలు పుడుతుంటాయి. రోజూ తెల్లారేసరికి రక్తం సంచులు నింపుకుని బండ్లు ఊళ్ల మీదకు బయలుదేరతాయి. ప్రమాదాల్లో పడ్డవాళ్లకు, కాన్పుల్లో రక్తం పోయిన తల్లులకు, నెలనెలా రక్తం ఎక్కిస్తే తప్ప బతకని పిల్లలకు ఇప్పుడు దాతల కోసం వెతుక్కునే అవసరం లేదు. ముప్పై తొమ్మిదేళ్ల కిందట విశ్వపతి ఒక పిల్లవాడి ఎముక మూలుగలోంచి తీసిన ఒక్క కణం ఇదంతా చేసింది. ఆ పిల్లవాడికి కొడవలి కణాల జబ్బు. విశ్వపతి ఆ కణంలోని దోషాన్ని సరిచేస్తే, అది విభజన చెందడం మొదలుపెట్టి ఇక ఆగలేదు. పుస్తకాల్లో దాని పేరు జె-7. ఆ జె ఎవరో ఎవరూ అడగలేదు.

కానీ ఇప్పుడు ముప్పై అయిదు తొట్లలో జె-7 లేదు. సుగుణ తొమ్మిదేళ్లు శ్రమించి తయారు చేసిన కొత్త కణం ఉంది. పాతది మిగిలింది నాలుగో తొట్టిలో మాత్రమే. దాని మీద ఆధారపడి బతుకుతున్నది దేశం మొత్తానికి ఒకే ఒక్క మనిషి. ఆ మనిషి బయట బెంచీ మీద కూర్చున్నాడు.

*

సుగుణది భద్రాచలానికి ఎగువన, గోదావరికి ఆవలి అడవిలో ఉన్న చెలమగుంపు. ముప్పై గడపల కోయగూడెం. తండ్రి ముత్తయ్య ఒక వరదలో పడవతో సహా కొట్టుకుపోయాడు. తల్లి కన్నమ్మ, అన్న జోగయ్య, తను మిగిలారు. వాన ముసురు పట్టిందంటే జోగయ్యకు మోకాళ్లలో, నడుములో నొప్పులు మొదలయ్యేవి. తువ్వాలు నోట్లో కుక్కుకుని నేల మీద దొర్లేవాడు. నొప్పి తగ్గగానే చెల్లెల్ని భుజానెక్కించుకుని వాగు దాటించి, తునికిపళ్లు కోసిపెట్టేవాడు. "నువ్వు బరువు పెరిగినవే, ఇంక మొయ్యలేను" అంటూనే మోసేవాడు.

వాడికి పద్నాలుగేళ్లప్పుడు తెల్లవ్యానులో డాక్టర్లు వచ్చారు. గూడెంలో అందరి వేళ్లూ గుచ్చి బొట్టు బొట్టు రక్తం తీసుకున్నారు. జోగయ్య బొట్టును చూసిన పెద్దడాక్టరు, పట్నం తీసుకెళ్లి నయం చేస్తానన్నాడు. కన్నమ్మ కొడుకు వెంట వెళ్లింది. నాలుగు నెలల తర్వాత కొడుకు శవంతో తిరిగొచ్చింది.

ఆ నెలలోనే తొమ్మిదేళ్ల సుగుణకు భద్రాచలం గురుకుల పాఠశాలలో సీటు వచ్చింది. పట్నం డాక్టరుగారు జాలిపడి చెప్పించారన్నారు. ఆ తర్వాత కూడా ఆయన ఆమెను మరిచిపోలేదు. పదో తరగతిలో మంచి మార్కులొస్తే ఉత్తరం రాశాడు. ఆమె వైద్యం చదివింది. రక్తవ్యాధుల్లో పై చదువు చదివింది. తన గూడెంలో ఏ పిల్లవాడూ తువ్వాలు కొరుక్కుంటూ దొర్లకూడదని ఆ చదువే ఎంచుకుంది. ఆ పట్నం డాక్టరే విశ్వపతి; ఆమెను తన దగ్గరే శిష్యురాలిగా పెట్టుకున్నాడు. దేవుడంటే ఇలా ఉంటాడేమో అనుకునేది.

ఆమెకు ఇరవై ఆరేళ్లప్పుడు ఒకరోజు జె-7 స్వచ్ఛతను సరిచూసే పని పడింది. తొట్టి రక్తాన్ని, దానితో ఏ సంబంధమూ లేని మనిషి రక్తాన్ని పక్కపక్కన యంత్రంలో పెట్టాలి. పోల్చడానికి రక్తం ఇచ్చే అతను సెలవులో ఉన్నాడు. సుగుణ తన వేలే గుచ్చుకుని బొట్టు వేసింది. పావుగంటకు తెర మీద ఫలితం వచ్చింది.

*ఒకటి, రెండు నమూనాలు: తోబుట్టువులు.*

యంత్రం తప్పు చేసిందనుకుంది. మళ్లీ చేసింది. మూడోసారి కూడా చేసింది. తర్వాత లేచి తొట్ల గదిలోకి వెళ్లి, దగ్గరున్న తొట్టి మీద అరచెయ్యి ఆనించింది. ఉక్కు వెచ్చగా ఉంది. జ్వరం లేని మనిషి ఒళ్లు ఎంత వెచ్చగా ఉంటుందో అంతే.

ఆ సాయంత్రం విశ్వపతికి పెద్ద సన్మానం. ప్రియశిష్యురాలిగా పూలదండ వేయాల్సింది సుగుణ. వేసింది. వంగి కాళ్లకు దండం కూడా పెట్టింది. వంగినప్పుడే అనుకుంది, నిన్ను వదలను అని.

*

పాత దస్తావేజుల గదిలోకి వెళ్లడానికి ఆమెకు ఏడాది పట్టింది. జె అన్న అక్షరం కింద రెండు కాగితాలు దొరికాయి. ఒకటి, నాలుగు నెలల్లో తొమ్మిదిసార్లు మూలుగ తీసిన లెక్క. మూడోసారి దగ్గరే ఒక నర్సు పక్కన పెన్సిలుతో రాసింది: "పిల్లవాడు తట్టుకోలేకపోతున్నాడు." ఆ తర్వాత ఇంకా ఆరుసార్లు తీశారు. రెండోది తండ్రి సమ్మతిపత్రం. కింద ఇర్పా ముత్తయ్య వేలిముద్ర. తేదీ చూస్తే, ముత్తయ్య గోదారిలో కొట్టుకుపోయిన రెండేళ్ల తర్వాతది.

ఆ కాగితాలు పట్టుకుని ఆ రోజే వీధిలోకి రావచ్చు. వస్తే ఏమవుతుందో కూడా ఆమె ఆలోచించింది. నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరిన గిరిజన పిల్ల మాట ఎవరు వింటారు? ఒకవేళ విని తొట్లు ఆపేస్తే, ఆ రక్తం మీద బతికే పిల్లలు నెల తిరక్కుండా పోతారు. వార్డులో వాళ్లను తన చేతులతో ఆమే చూస్తోంది. అన్నను చంపినవాడి మీద పగ తీర్చుకోవడానికి పరాయి తల్లుల కడుపులు కోయాలా?

అందుకని ఎదురుచూసింది. పదేళ్లకు విభాగాధిపతి అయింది, మరో అయిదేళ్లకు సంస్థకే అధిపతి అయింది. విశ్వపతే పట్టుబట్టి ఆమెను ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు. ఈలోగా ఆమె తన మూలుగతో పని మొదలుపెట్టింది. తోబుట్టువు మూలుగలో అలాంటి కణం ఉండే అవకాశం మిగతావాళ్లకంటే ఎక్కువ. తొమ్మిదేళ్లలో ఇరవై మూడుసార్లు బోర్లా పడుకుని నడుము ఎముకలోకి సూది దింపించుకుంది. మత్తు తగ్గాక మెట్లెక్కలేకపోయేది. కుర్చీలో ఒక పక్కకు ఒరిగి కూర్చోవడం అలవాటైపోయింది. పెళ్లి మాట ఎత్తినవాళ్లు ఎత్తి ఎత్తి ఊరుకున్నారు. చివరకు ఇరవై మూడోసారి తీసిన మూలుగలో ఆ కణం దొరికింది.

ఆ పనిలో ఆమెకు తోడు డాక్టర్ ఫర్హానా. సంగతంతా తెలిసింది ఆమెకొక్కదానికే. కొత్త రక్తం సిద్ధమవుతున్న రోజుల్లో ఒకసారి ఫర్హానా ఒక నివేదిక తెచ్చి బల్ల మీద పెట్టింది.

"మేడమ్, మీ కణం పైన ఒక గుర్తు ఉంది. దాదాపు అందరికీ ఉండేదే. కానీ అది పడనివాళ్లు దేశంలో పదకొండు మంది తేలిన్రు. వాళ్లకు ఈ రక్తం ఎక్కిస్తే ప్రాణం మీదికొస్తది. జె-7 మీద ఆ గుర్తు లేదు."

"ఆ పదకొండు మంది ఎవరు?"

"పదిమందికి అన్నదమ్ములో అక్కచెల్లెళ్లో ఉన్నరు. వాళ్ల రక్తం తీసి నిల్వ చెయ్యొచ్చు. ఒక్కరికే ఎవరూ లేరు." ఫర్హానా నివేదికలో ఆ పేరు మీద వేలు పెట్టింది. "విశ్వపతి సార్."

ఆయనకు మూలుగ ఎండిపోయే జబ్బు వచ్చి అప్పటికి మూడేళ్లు. పన్నెండు రోజులకొకసారి వచ్చి, జె-7 రక్తం ఎక్కించుకుని వెళ్తున్నాడు.

"ఎనిమిది నెలలు పని చేస్తే ఆ గుర్తు తీసెయ్యొచ్చు మేడమ్. పెద్ద కష్టం గాదు."

"పదిమందికి ఏర్పాటు చెయ్యి," అంది సుగుణ. "గుర్తు ఉండనీ."

ఫర్హానా ఆమె ముఖంలోకి చూసింది. "నేనైతే చెయ్యను మేడమ్. కానీ నా అన్నను ఎవరూ చంపలేదు." నివేదిక తీసుకుని వెళ్లిపోయింది.

*

బుధవారం మూడు గంటలకు విశ్వపతిని లోపలికి రమ్మంది. డెబ్భై తొమ్మిదేళ్ల మనిషి. పెదవులు సున్నం పూసినట్టున్నాయి. నాలుగడుగులు వేసేసరికి ఆయాసం వచ్చింది.

"నాలుగో తొట్టి ఆపుతున్నారట. నాకు చెప్పకుండానే?"

"ఆపక తప్పదు సార్. కణదాతల హక్కుల చట్టం వచ్చి నాలుగేళ్లయింది. కణం ఎవరిదో తేలాలి, వాళ్ల సమ్మతి ఉండాలి. లేకపోతే వాడటానికి వీల్లేదు. కొత్త కణం నాది, నేను సంతకం పెట్టాను. జె-7 ఎవరిది?"

"సమ్మతిపత్రం ఉంది. దస్తావేజుల్లో చూడు."

"చూశాను." ఆమె సొరుగులోంచి ఆ కాగితం తీసి ఆయన ముందు పెట్టింది. "ఇర్పా ముత్తయ్య మా నాన్న. ఈ తేదీకి రెండేళ్ల ముందే గోదారిలో పోయాడు. ఈ వేలిముద్ర ఎవరిది సార్?"

విశ్వపతి కాగితం వంక చూశాడు. తర్వాత చాలాసేపు తన కుడిచేతి బొటనవేలు వంక చూసుకున్నాడు.

"నీకెప్పటినుంచి తెలుసు?"

"ఇరవై రెండేళ్ల నుంచి."

"దండ వేశావు. దండం పెట్టావు."

"పెట్టాను."

"అమ్మా సుగుణా, ఆ పిల్లవాడు ఎలాగూ బతికేవాడు కాదు. ఆ ఒక్కడి వల్ల ఎన్ని లక్షలమంది బతికారో నీకంటే బాగా ఎవరికి తెలుసు? నీ చదువూ, ఈ కుర్చీ కూడా ఎక్కడినుంచి వచ్చాయనుకున్నావు? చేసినదానికి నాకు తోచినట్టు దిద్దుకున్నాను."

ఆ మాట ఆమె అంతకుముందు వెయ్యిసార్లు తనకు తానే చెప్పుకుంది. ఆయన నోట వినేసరికి ఆ కాగితాన్ని తన వైపు లాక్కుంది.

"అన్నను తీసుకుని నాకు బడి ఇచ్చారు. నన్నడిగితే నేను అన్ననే అడిగేదాన్ని."

చివరకు ఆయనే అడిగాడు. "ఏం కావాలి నీకు?"

"తొట్టి ఉండాలంటే జోగయ్య తల్లి సమ్మతించాలి. ఆమె సమ్మతించాలంటే ఈ కణం జోగయ్యదని ముందు తేలాలి. ఏం చేశారో మీ చేత్తో రాయండి. అన్నీ. వేలిముద్రతో సహా."

"రాస్తే జైలు."

"రాయకపోతే పన్నెండు రోజులు."

కలం తీసుకున్నాడు. రెండు పేజీలు రాయడానికి గంట పట్టింది. మర్నాడు అది పత్రికలన్నిటిలో వచ్చింది. పోలీసులు కేసు కట్టారు, వయసూ జబ్బూ చూసి కోర్టు బెయిలిచ్చింది. మెట్ల దగ్గర బొమ్మ తీసేయమంటారా అని మేనేజరు అడిగితే, "ఉండనీ, ఆయన రాసిన రెండు కాగితాలు దాని కింద అద్దంలో పెట్టించండి" అంది సుగుణ. ఆ వారమంతా జనం బొమ్మ చూసి, కాగితం చదివి, మళ్లీ బొమ్మ చూసి వెళ్లారు. ఆమె పై మెట్టు మీద నిలబడి చూసింది.

*

తల్లితో చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. చెలమగుంపులో వాకిట్లో నులక మంచం మీద కూర్చుని, మొదటినుంచి చివరిదాకా చెప్పింది. కన్నమ్మ ఇప్పపూలు ఎండబోస్తూ వింటోంది. చెప్పడం అయ్యాక కూడా కాసేపు పూలు పరుస్తూనే ఉంది.

"నా కొడుకు పోలేదంటవు."

"పోయిండమ్మా. వాని రక్తం పోలే."

"ఎచ్చగ ఉంటదా?"

"మన ఒంట్ల ఎంతుంటదో అంత."

"అది నీకు ఇరవై రెండేండ్ల సంది ఎరుక." ముసలామె తల ఎత్తింది. "ఆ ముసలోడు ముప్పై తొమ్మిదేండ్లు దాసిండు. నువ్వు ఇరవై రెండేండ్లు దాసినవ్. నేను ఏటేటా వానికి దినం పెట్టుకుంట ఏడుస్తాంటే, నువ్వు పక్కన కూసుని సూసినవ్."

"చెప్తే నువ్వు ఆగేదానివి కాదమ్మా. ఊరంతా తెలిసేది. వాడు తప్పించుకునేవాడు."

"అందుకని నా కొడుకును నాకు సెప్పలే."

సుగుణ లేవబోయి నడుము పట్టేసి ఆగిపోయింది. కన్నమ్మ చూసింది. దగ్గరకొచ్చి, కూతురి రవిక వెనక భాగం పైకి జరిపి, నడుము మీద వేళ్లు పెట్టి తడిమింది. ఒక్కో మచ్చ దగ్గర ఆగుతూ పోయింది.

"వాణ్ణి కడిగినప్పుడు ఇట్లనే ఉన్నయి," అంది. "వానికి ఇన్ని లేవు."

ఆ రాత్రి తల్లి అన్నం తినలేదు. తెల్లారాక తనే వచ్చి కూతురి పక్కన కూర్చుంది.

"ఇప్పుడు ఆ తొట్టి ఉండాల్నా పోవాల్నా నేను సెప్పాలె, అంతేనా?"

"అంతే. నువ్వు వద్దంటే ఆగిపోతది. వాడు పోతడు." ఇరవై రెండేళ్లుగా ఆమె ఆ మాట కోసమే ఎదురుచూసింది. "వద్దను అమ్మా."

కన్నమ్మ తల అడ్డంగా ఊపింది. "ఒక్కపారే వద్దని అంటే అయిపాయె. నా కొడుకును తీస్కపోయెటప్పుడు నన్ను అడగలే. ఇప్పుడు అడగమను. రక్తం కావాల్సినప్పుడల్లా ఈడికొచ్చి నన్ను అడగమను. ఫోన్ల గాదు. మనిషి రావాలె."

"అడిగితే ఇస్తవా?"

"అడిగినప్పుడు సూస్త."

*

హైదరాబాదు నుంచి చెలమగుంపుకు ఎనిమిది గంటల ప్రయాణం. పన్నెండు రోజులకొకసారి విశ్వపతి ఆ దూరం వచ్చాడు. సుగుణ చల్లపెట్టెలో రెండు రక్తం సంచులు పెట్టుకుని వెంట వచ్చేది. కన్నమ్మ ఒప్పుకుంటే దగ్గర్లోని చిన్నాసుపత్రిలో ఎక్కించి తిరిగి తీసుకెళ్లాలని ఏర్పాటు.

మొదటిసారి ఆయనకు మంచం వేయలేదు. వాకిట్లో నేల మీద కూర్చున్నాడు. గూడెం మొత్తం దడి అవతల నిలబడి చూసింది.

"అమ్మా, నాకు రక్తం కావాలి. ఇప్పించండి."

"ఎవరి రక్తం?"

"మీ అబ్బాయిది."

"వానికి పేరున్నది."

"ఇర్పా జోగయ్య రక్తం కావాలమ్మా. ఇప్పించండి."

"తీస్కో," అంది కన్నమ్మ.

సుగుణకు పళ్లు కొరుక్కున్నంత పనైంది. ఇంత తేలిగ్గా ఇచ్చేస్తుందా? అయినా ఆయన నేల మీంచి లేవడానికి రెండుసార్లు చేతులు ఊని, లేవలేక మోకాళ్ల మీద పాకడం చూసినప్పుడు, ఆ దృశ్యం ఎన్ని రోజులైనా చూడొచ్చు అనిపించింది.

రెండోసారి కన్నమ్మ, "ఎన్నిపార్లు పొడిసినవ్?" అని అడిగింది. "తొమ్మిది" అన్నాడు. ఇచ్చింది. మూడోసారి, "పొడిసేటప్పుడు ఏడ్సిండా?" అంది. "మొదట్లో ఏడ్చాడు. తర్వాత ఏడవడం మానేశాడు. తువ్వాలు అడిగేవాడు" అన్నాడు. ఆ రోజు కన్నమ్మ గుడిసెలోకి వెళ్లి గంటసేపు బయటకు రాలేదు. వచ్చాక మాత్రం, తీస్కో అంది.

దారిలో విశ్వపతి ఎక్కువ మాట్లాడేవాడు కాదు. మూడోసారి తిరిగి వస్తుండగా, "మీ అమ్మ అడిగే ప్రశ్నలు నన్ను ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు" అన్నాడు. సుగుణ ఖాళీ సంచులు మడిచి చల్లపెట్టెలో పెట్టింది.

నాలుగోసారికి వాన మొదలైంది. ఆయన బాగా చిక్కిపోయాడు. ఇద్దరు పట్టుకుని వాకిట్లోకి తెచ్చారు. చూరు కింద తడి లేనిచోట కూర్చోబెట్టారు. కన్నమ్మ ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"అమ్మా, జోగయ్య రక్తం కావాలి. ఇప్పించండి."

"ఆకరి దినం నన్ను అడిగిండా?"

సుగుణ విశ్వపతి ముఖం కేసి చూసింది. లేదమ్మా, నిద్రలోనే పోయాడు అంటే సరిపోతుంది. వాన చప్పుడులో అంత మాట అనడానికి క్షణం పట్టదు. ఆయన అదే అంటాడనుకుంది.

"అడిగాడు," అన్నాడు. "పొద్దుట్నుంచి అమ్మా అమ్మా అంటూనే ఉన్నాడు. మీరు గేటు బయట ఉన్నారని నాకు తెలుసు. మూడు రాళ్లు పెట్టి వండుకుంటుండేవారు, నా కిటికీలోంచి కనబడేది. నర్సు మిమ్మల్ని పిలుస్తానంది. వద్దన్నాను. పిలిస్తే మీరు పిల్లవాణ్ణి తీసుకెళ్లిపోతారని వద్దన్నాను. ఆ మధ్యాహ్నం తొమ్మిదోసారి తీశాను."

చూరు నీళ్లు కన్నమ్మ పాదాల మీద పడుతున్నాయి. తర్వాత లేచి కొంగు దులుపుకుంది.

"ఇయ్యాల ఇయ్యను," అంది. "పో."

ఆయన తల ఊపాడు. ఇంకేమీ అడగలేదు. వెంట వచ్చినవాళ్లు లేవదీస్తుంటే కళ్లు తేలేశాడు. సుగుణ పరుగున వెళ్లి చెయ్యి పట్టుకుని నాడి చూసింది. ఇంకో పన్నెండు రోజులు ఈ మనిషి ఆగడు. మళ్లీ వచ్చి అడిగే వ్యవధి ఆయనకు లేదు. పెట్టె జీపులోనే ఉంది, పది అడుగుల దూరంలో.

"అమ్మా," అంది. ఆ మాట తన నోట వస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. "ఈ ఒక్కపారి ఇయ్యి. మళ్ల రాలేడు."

కన్నమ్మ గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగింది. కోపంగా లేదు ఆ ముఖం.

"నువ్వు కోరింది ఇదే గదా బిడ్డా," అంది. లోపలికి వెళ్లి తడిక వేసుకుంది.

*

తిరుగు ప్రయాణంలో సుగుణ వెనక సీట్లో ఆయన పక్కన కూర్చుంది. ఆక్సిజన్ పెట్టింది. కాళ్ల కింద దిండు ఎత్తుగా పెట్టింది. చెయ్యగలిగినవన్నీ చేసింది, ఒక్కటి తప్ప. చల్లపెట్టె ఇద్దరి కాళ్ల దగ్గర, బండి కుదిపినప్పుడల్లా చిన్నగా చప్పుడు చేస్తూ ఉంది.

పాల్వంచ దాటాక ఆయన కళ్లు తెరిచాడు.

"అబద్ధం చెప్పి ఉంటే ఇచ్చేది."

"ఇచ్చేది సార్."

"మూడుసార్లు నిజం చెప్పాక నాలుగోసారి చెప్పబుద్ధి కాలేదు." ఊపిరి కూడదీసుకున్నాడు. "నీకు తృప్తిగా ఉందా అమ్మా?"

సుగుణ ఆలోచించింది. ఈయనతో కూడా అబద్ధం చెప్పే కాలం అయిపోయింది.

"ఉంది సార్," అంది.

అది నిజమే. నిజమని తెలిసేసరికి తన లోపల ఎవరో కొత్త మనిషిని చూసినట్టు భయం వేసింది. అయినా ఆయన మణికట్టు వదల్లేదు. కొత్తగూడెం, ఖమ్మం, సూర్యాపేట దాటేదాకా నాడి లెక్కపెడుతూనే ఉంది.

విశ్వపతి ఆరో రోజు ఉదయం పోయాడు. కొత్త కణం మీద గుర్తు తీసేసే పని మొదలుపెట్టమని ఫర్హానాకు సుగుణ చెప్పింది కూడా ఆ ఉదయమే. రేపు ఇంకెవరైనా అలాంటి మనిషి తేలితే రక్తం అందుబాటులో ఉండాలంది. ఫర్హానా ఇప్పుడెందుకని అడగలేదు. ఆమె భుజం మీద చెయ్యి వేసి వెళ్లిపోయింది.

తర్వాత తల్లికి ఫోన్ చేసింది. సంగతి చెప్పింది. అటునుంచి కోడి కూత, ఎవరో కట్టెలు కొడుతున్న చప్పుడు వినిపించాయి.

"ఇంక ఆ తొట్టి ఎవరికి బిడ్డా?"

"ఎవరికీ అక్కర్లేదమ్మా."

"అయితే వాణ్ణి ఇంటికి తీస్కరా."

మధ్యాహ్నం సుగుణ నాలుగో తొట్టి అడుగునున్న కవాటం తన చేత్తోనే తిప్పింది. పాలు పోసే క్యాను లాంటి స్టీలు డబ్బాలో నిండుగా పట్టి, మూత బిగించి, తడి గుడ్డతో చుట్టూ తుడిచింది. ఎవరినీ పట్టుకోనివ్వలేదు. నడుము నొప్పితో మధ్యలో రెండుసార్లు ఆగి, తానే మోసుకుంటూ జీపు దాకా తెచ్చింది. ముందు సీటులో కూర్చోబెట్టింది. చేతికి ఇంకా వెచ్చగానే తగులుతోంది. బెల్టు లాగి దాని చుట్టూ కట్టి, తలుపు మెల్లగా వేసి, అటువైపు తిరిగి వచ్చి బండి ఎక్కింది.